పుట్టెడు దుఃఖం... పిడికెడు అన్నం

పన్నెండో రోజు భోజనాలవుతాయి. షామియానా విప్పేస్తారు. చుట్టాలు బస్సెక్కుతారు. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మిగిలేది ఒక ఫొటో, ఒక దీపం, కొందరు మనుషులు. అయినవాళ్ళు పోయాక ఉన్నవాళ్ళు ఎలా బతుకుతారు? గుండె కోత మానుతుందా, మనమే దానికి అలవాటు పడతామా? శాస్త్రం చెప్పేదీ, మన పెద్దలు చేసి చూపించిందీ ఎక్కడ కలుస్తాయి?

నాన్న పోయిన రెండో నెలలో తెనాలి వెళ్ళాను. ఫ్రిజ్ తీస్తే అన్నం గిన్నెలు. చిన్నవీ పెద్దవీ కలిపి ఆరు. ఒకటి నిన్నటిది, ఒకటి మొన్నటిది, మిగతావాటి సంగతి అమ్మకే గుర్తులేదు.

"ఒక్కదానివే కదమ్మా, ఇంతన్నం ఎందుకు వండుతున్నావు?"

"ఏమోనే, చెయ్యి ఊరుకోదు."

పిల్లలం రెక్కలొచ్చి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. గ్లాసున్నర బియ్యం చాలు. అయినా అమ్మ పూటకు మూడు గ్లాసులు పోసేది. ఆ పైది నాన్న వెంటబెట్టుకొచ్చే వాళ్ళ కోసం. బస్సు తప్పిపోయిన మేనల్లుడు, పొలం కాగితాల పనిమీద ఊళ్ళోంచి వచ్చిన రైతు, బజార్లో ఎదురైన చిన్ననాటి స్నేహితుడు... రోజూ ఎవరో ఒకరు. గేటు దగ్గర్నుంచే "ఇంకో కంచం పెట్టు" అని కేకేసేవాడు. ఇప్పుడా కేక లేదు. చేతికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అమ్మని ఏడుపు గురించే అడిగారు. అన్నం గురించి ఎవరూ అడగలేదు.

పుట్టెడు అంటే ఎంత?

దుఃఖాన్ని మన భాష ధాన్యం కొలతతోనే కొలిచింది. పుట్టెడు దుఃఖం అంటాం. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. మొత్తం 320 మానికలు. కల్లంలో పోసిన పుట్టి ధాన్యాన్ని ఎంత మొనగాడైనా ఒక్కడే ఎత్తి ఇంటికి తేలేడు. కుంచంతో కొలవాలి, బస్తాలకెత్తాలి, పక్కవాళ్ళు ఓ చెయ్యి వేయాలి, బండి కట్టాలి. దుఃఖానికి ఈ కొలత పెట్టినవాళ్ళకు అది ఎంత బరువో తెలుసు, ఎలా మోయాలో కూడా తెలుసు. ఈ రెండో సంగతే మనం మర్చిపోతున్నాం.

బరువు మనసు మీదే పడుతుందనుకుంటాం. ఒంటి మీదా పడుతుంది. 1942 నవంబరు 28 రాత్రి అమెరికాలోని బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్ళనూ, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళనూ దగ్గరుండి చూసిన మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో ఒక పత్రం రాశాడు. గొంతు బిగుసుకుపోవడం, ఊపిరి ఆడకపోవడం, మాటిమాటికీ నిట్టూర్పు, కడుపులో ఏదో ఖాళీ అయిపోయినట్టుండటం... ఇవన్నీ అలలా వచ్చి ఇరవై నిమిషాల నుంచి గంటదాకా ఉండి తగ్గుతాయనీ, పోయినవాళ్ళ పేరు వినబడితే చాలు మళ్ళీ వస్తాయనీ అందులో ఉంది. ఆ పత్రం చదవని మన అమ్మమ్మలు కూడా గొంతు పూడుకుపోయింది, గుండె చెరువైంది, కడుపు తరుక్కుపోతోంది అనే అన్నారు. నొప్పి ఎక్కడెక్కడ పుడుతుందో వాళ్ళ మాటల్లోనే ఉంది.

గుండె చెరువవడం ఉత్త మాట కాదని జపాన్ వైద్యులు 1990లో చూపించారు. తట్టుకోలేని దెబ్బ తగిలినప్పుడు గుండె ఎడమ గది ఒక పక్క ఉబ్బి, అచ్చం గుండెపోటులాంటి నొప్పి రావచ్చు. ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో కనబడుతుందని దానికి టకోత్సుబో అని పేరు పెట్టారు. ఎక్కువగా నెలసరి ఆగిన వయసు ఆడవాళ్ళలో వస్తుంది. చాలామందిలో కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. కానీ ఛాతీలో నొప్పి అంటే "బెంగలే" అని కొట్టిపారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

మగవాళ్ళ సంగతి 1969లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. 55 దాటాక భార్యను పోగొట్టుకున్న 4,486 మందిని కొలిన్ ముర్రే పార్క్స్, ఆయన సహచరులు తొమ్మిదేళ్ళు గమనించారు. మొదటి ఆరు నెలల్లో వాళ్ళలో మరణాలు ఆ వయసువాళ్ళలో ఉండాల్సినదానికన్నా 40 శాతం ఎక్కువ. "మగాడు, తట్టుకుంటాడులే" అనే మాట ఎంత తప్పో ఆ అంకె చెబుతుంది. భార్య పోయిన పెద్దాయన్ని చూడ్డానికి వెళ్తే కళ్ళు తడిగా ఉన్నాయా లేదా అన్నది తర్వాత. బీపీ మాత్రల పట్టీ అలాగే ఉందా, పొద్దున ఏం తిన్నాడు... ముందు అవి చూడాలి.

పెద్దలు వేసిన లెక్క

చావింట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటినుంచి ఫ్లాస్కులో కాఫీ వస్తుంది, ఎదురింటినుంచి పప్పూ చారూ వస్తాయి. ఆకలి లేదంటే ఎవరో ఒక పెద్దావిడ ముద్ద కలిపి చేతిలో పెడుతుంది. పది రోజుల మైలను అంటుగా, ముట్టుగా చూసిన కాలం ఉంది. దాని మంచిచెడ్డలు పక్కనపెట్టి చూస్తే, ఆ ఇంటికి అది ఊరంతా కలిసి ఇచ్చిన సెలవు. పనికి రమ్మనరు, పేరంటానికి పిలవరు, నవ్వలేదేమని అడగరు.

తెలంగాణ పల్లెల్లో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినాయనకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. పిట్ట ముట్టకపోతే గుసగుసలు మొదలవుతాయి. "కల్లు పెట్టడం మర్చిపోయినం." "చిన్నబిడ్డ పెండ్లి రంది ఉండె గదా ఆయనకు." అప్పుడు అన్నో తమ్ముడో ముందుకొచ్చి, "పెండ్లి మేం జేస్తం, నువ్వు నిమ్మలంగ ఉండు" అని అందరి ముందూ మాటిస్తాడు. పిట్ట వచ్చినా రాకున్నా ఆ మాట నలుగురి చెవినా పడింది. తండ్రిలేని పిల్లకు అది చిన్న ధీమా కాదు.

పన్నెండో రోజు సపిండీకరణంలో పోయినవాళ్ళ పిండాన్ని అంతకుముందు మూడు తరాల పిండాలతో కలుపుతారు. ఆ క్షణం నుంచి ఆయన 'ప్రేతం' కాదు, 'పితృదేవత'. ఆ వరసలోంచి ఎవరినీ తీసేయరు, కొత్తగా వచ్చినవాళ్ళకు చోటిస్తారు. ఆ తర్వాత నెలనెలా మాసికం. ఏడాదికి సంవత్సరీకం. అక్కణ్ణుంచి ఏటా తద్దినం. ఒకసారి ఆ వరస చూడండి: మొదట రోజూ, తర్వాత నెలకోసారి, ఆపైన ఏడాదికోసారి. కుంచంతో మొదలుపెట్టి గిద్దదాకా కొలత తగ్గించుకుంటూ వచ్చారు. ఆ ఏడాదంతా పండగలు చేయరు. కర్మ అయ్యాక దగ్గరివాళ్ళు ఆ ఇంటివాళ్ళను ఒక రాత్రి తమ ఇంట్లో నిద్రకు తీసుకెళ్తారు. చావు జరిగిన గది, ఆ మంచం, ఆ గోడ గడియారం... ఒక్క రాత్రి కళ్ళబడకుండా ఉండాలని.

ఈ కొలత ఒక్క మతానిదే కాదు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూడిక జరుగుతుంది. పాట, ప్రార్థన, పోయినవాళ్ళ గురించి తలా ఒక మాట, తర్వాత భోజనం. ముస్లిం ఇళ్ళలో మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహల్లుం. ఇవన్నీ మనసు శాస్త్రం చదివి పెట్టినవని అనను. నమ్మినవాళ్ళు పరలోకం కోసమే చేశారు. ఈ లోకంలో ఉన్నవాళ్ళకూ పనికొచ్చాయి.

రెండొందలసార్లు చెప్పిన కథ

"ఎలా జరిగింది వదినా?"

"పొద్దున్నే లేచాడు. కాఫీ తాగాడు. పేపరు చదివాడు. ఎడంచెయ్యి లాగుతోందన్నాడు..."

వచ్చిన ప్రతివాళ్ళూ ఇదే అడిగారు. అమ్మ ఇదే చెప్పింది. మొదటి రోజు కాఫీ దగ్గరే గొంతు ఆగిపోయింది. నాలుగో రోజుకు ఆటో పిలిచిన దాకా చెప్పగలిగింది. పదో రోజుకు కథ చివరిదాకా వచ్చింది. "ఎందుకు మాటిమాటికీ గుచ్చి అడుగుతారు?" అని అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తెలుస్తోంది, ఆవిడ చేత ఎవరూ పనిగట్టుకుని చెప్పించలేదు, ఆవిడే చెప్పుకుంది. నమ్మలేని సంగతిని నోటితో అని అని నమ్మకం కుదుర్చుకుంది. అలా నోటబట్టిన కథ రాత్రి పీడకలగా రావడం తగ్గింది.

పల్లెల్లో శోకాలు పెట్టి ఏడ్చే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎప్పుడైనా జాగ్రత్తగా వినండి. పోయినవాళ్ళ గురించి ఏడవరు, పోయినవాళ్ళతోనే మాట్లాడతారు. నువ్వు కట్టిన ఇల్లు, నువ్వు కొన్న గేదె, నా మీద అలిగి పడుకున్న రాత్రి, తీర్చకుండా పోయిన అప్పు... అన్నీ వస్తాయి. పొగడ్తా, దెప్పుడూ కలిసే ఉంటాయి. కొత్త చుట్టం గుమ్మం దాటగానే మళ్ళీ మొదలు. చదువుకున్నవాళ్ళం దాన్ని అనాగరికం అనుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడటం నేర్చుకున్నాం.

జపాన్‌లో ఒత్సుచి అనే ఊళ్ళో సాసాకి ఇతారు అనే ఆయన దగ్గరి బంధువు పోయిన బాధలో 2010లో తన తోటలో ఒక టెలిఫోన్ బూత్ పెట్టుకున్నాడు. ఆ ఫోనుకు తీగలేదు. మరుసటి ఏడాది మార్చి 11న సునామీ వచ్చి ఆ ఊళ్ళో పదోవంతు జనాన్ని పట్టుకుపోయింది. అప్పట్నుంచి వేలమంది ఆ బూత్‌లోకి వెళ్ళి, రిసీవర్ ఎత్తి, పోయినవాళ్ళతో మాట్లాడి వస్తున్నారు. వాళ్ళకు తోటలో గాజు గది దొరికింది. మనకు వాకిట్లోనే ఉండేది, నలుగురి మధ్యనే.

కొలత ఎక్కడ తప్పింది?

చాలా ప్రైవేటు ఉద్యోగాల్లో తల్లిదండ్రులు పోతే ఇచ్చే సెలవు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అస్థికలు కలిపి వచ్చిన మర్నాడే లాప్‌టాప్ తెరవాలి. అపార్ట్‌మెంట్లలో గట్టిగా ఏడిస్తే పక్క ఫ్లాటువాళ్ళు ఏమనుకుంటారో అన్న బెరుకు. పరామర్శ వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మగా వచ్చేస్తోంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో అల వచ్చినప్పుడు ఆ బొమ్మ తప్ప మరేమీ మిగల్లేదు. జిప్పు వేసిన సంచిలో ఉన్నది తన తండ్రో కాదో చూసుకునే వీలు లేకుండా కాల్చినవాళ్ళున్నారు. ఊరు రాలేదు, పొయ్యి ఆరలేదు, ముద్ద ఎవరూ కలపలేదు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో ఉన్నట్టుండి లేచి బయటికెళ్ళిపోయే మనుషుల్ని చూస్తే ఆ ఏడాది గుర్తొస్తుంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలకు ఇంకో రకం ఎదురుచూపు తెలుసు. గల్ఫ్‌లో పోయిన మనిషి శంషాబాద్‌లో పెట్టెగా దిగడానికి కాగితాలన్నీ కుదరాలి. ఒక్కోసారి వారాలు. అంతదాకా ఆ భార్య బొట్టు పెట్టుకోవాలో వద్దో కూడా తెలియని స్థితి. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న కొడుక్కి మరో కష్టం. వీసా చిక్కుల్లో రాలేక, బావమరిది పట్టుకున్న ఫోన్లో తండ్రి చితి చూసి, కాల్ ఆగిపోయాక వంటింట్లో ఒక్కడే నిలబడతాడు. అలాంటివాళ్ళకు తర్వాతైనా వచ్చి ఊళ్ళో పదిమందిని కూర్చోబెట్టుకుని కథంతా చెప్పుకోవడం ఆలస్యమైన కర్మ కాదు, అసలు కర్మ.

అలాగని పాతదంతా బంగారం కాదు. దినాల భోజనాలకు తెచ్చిన అప్పు, దుఃఖం తగ్గాక కూడా తీరని ఇళ్ళున్నాయి. మొగుడు పోయి ఒళ్ళు తెలియకుండా ఉన్న మనిషిని కూర్చోబెట్టి, గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపే తంతు ఓదార్పు ఎలా అవుతుంది? బరువు మోయలేనివాళ్ళ నెత్తిన ఇంకో బస్తా పెట్టడం అది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ తర్వాత 140 ఏళ్ళకు పైగా గడిచాక, 2022లో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హెర్వాడ్ పంచాయతీ ఈ తంతు వద్దని తీర్మానం చేస్తే దేశమంతా వార్త అయింది. వార్త అయిందంటేనే మనం ఎంత నెమ్మదిగా నడుస్తున్నామో అర్థమవుతుంది. మోతను పంచే ఆచారాన్ని ఉంచుకోవాలి, మోపే ఆచారాన్ని వదిలేయాలి. ఏది ఏదో తేల్చడానికి పంచాంగం అక్కర్లేదు.

మెట్లు కావు, ఊయల

దుఃఖానికి అయిదు మెట్లుంటాయని చాలామంది విని ఉంటారు. నిజం కాదనుకోవడం, కోపం, బేరం, దిగులు, చివరికి ఒప్పుకోవడం. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో ఈ మాట రాసినప్పుడు ఆమె ముందున్నది చావుకు దగ్గరైన రోగులు. అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళకు దాన్ని అన్వయించింది తర్వాత. మెట్లన్నాక లెక్క మొదలవుతుంది. "నాకింకా కోపం రాలేదేమిటి?", "ఆర్నెల్లయింది, ఇంకా ఒప్పుకోలేకపోతున్నానేం?" అని తనను తాను పరీక్షించుకునేవాళ్ళు తయారవుతారు. దుఃఖంలో ఫెయిలవడం అనేది లేదు.

మనసుకు సిద్ధాంతాలు కట్టిన సిగ్మండ్ ఫ్రాయిడ్ కూడా 1917లో అచ్చయిన వ్యాసంలో, శోకం పని పూర్తయితే మనసు పోయినవాళ్ళ నుంచి విడివడుతుందన్నాడు. మూడేళ్ళకు ఆయన కూతురు సోఫీ ఫ్లూ జ్వరంతో పోయింది. 1929లో, ఆ అమ్మాయి బతికుంటే 36 ఏళ్ళు నిండే రోజున, కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఖాళీ ఎప్పటికీ పూడదనీ, పూడకపోవడమే సరైనదనీ అందులో ఒప్పుకున్నాడు. సిద్ధాంతం రాసింది వైద్యుడు, ఉత్తరం రాసింది తండ్రి.

ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాటను మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పారు. మనిషి రెండు పనుల మధ్య ఊగుతుంటాడు. ఒక పక్క పోయినవాళ్ళను తలచుకుని కుమలడం, ఇంకో పక్క మిగిలిన బతుకును సర్దుకోవడం. ఎప్పుడూ మొదటిదానిలోనే ఉంటే మునిగిపోతాం, రెండోదాన్నే పట్టుకుని పరిగెడితే ఎక్కడో కూలబడతాం. ఊగడమే ఆరోగ్యం.

అమ్మని చూస్తే ఆ మాట అర్థమైంది. పొద్దున నాన్న చొక్కా మడతపెడుతూ ఏడ్చింది. పదింటికి బ్యాంకుకెళ్ళి పింఛను కాగితాల మీద సంతకాలు పెట్టింది. అరవై ఏడేళ్ళ వయసులో మొదటిసారి ఏటీఎం కార్డు వాడి, నోట్లు బయటికొచ్చేసరికి పకపకా నవ్వింది. నవ్వినందుకు సిగ్గుపడి నా వైపు చూసింది. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, ధ్రువీకరణ పత్రం నకళ్ళు తీసుకోవాలి, కరెంటు మీటరు, గ్యాస్, రేషన్ కార్డు అన్నింట్లో పేరు మార్చాలి. ఈ తిరుగుడు క్రూరంగా అనిపిస్తుంది. కానీ ఒక్కో కాగితం మీద సంతకం పెట్టిన కొద్దీ, ఈ ఇంటికి ఇప్పుడు నేనే దిక్కు అని చేతికి తెలిసొస్తుంది.

ఏడ్చే హక్కు లేనివాళ్ళు

కర్ణుడు పడిపోయినప్పుడు కుంతి గట్టిగా ఏడవలేకపోయింది. గెలిచిన కొడుకుల తల్లి ఆవిడ, పడినవాడు లోకం దృష్టిలో సూతపుత్రుడు. గంగ ఒడ్డున తర్పణాలు వదిలే వేళ, "వాడికీ నీళ్ళు వదలండి, మీ అన్న" అని బయటపెట్టింది. తిక్కన తెలుగు చేసిన స్త్రీపర్వం చివర వచ్చే ఈ ఘట్టం చదివితే, ధర్మరాజు కుప్పకూలింది ఓడినవాళ్ళ కోసం కాదు, తాము ఏడవకుండా ఉండిపోయిన ఆ ఒక్కడి కోసం అనిపిస్తుంది.

కుంతులు మన చుట్టూ ఉన్నారు. కడుపులోనే బిడ్డ పోయిన తల్లికి పదకొండో రోజు లేదు, "మళ్ళీ నిలుస్తుందిలే" అనే మాట ఉంది. ఆత్మహత్యతో పోయిన కొడుకు పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పుల పాలై పురుగుమందు తాగిన రైతు భార్యకు ఏడ్చే తీరిక కూడా ఇవ్వకుండా అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడతారు. లోకానికి చెప్పుకోని బంధం తెగినవాళ్ళు ఆఖరి వరసలో నిలబడి దండం పెట్టి వెళ్ళిపోతారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు సొర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళే కొట్టుకుపోయాయి. శవం కూడా కనబడనివాళ్ళ కోసం ఏ రోజు తద్దినం పెట్టాలి? తలుపు చప్పుడైతే ఇంకా లేచి చూసే చెవిని ఎలా ఊరుకోబెట్టాలి?

ఇలాంటివాళ్ళకు కావాల్సింది కుంతి అడిగినదే. ఒక పేరు, కాసిని నీళ్ళు, నలుగురి ఎదుట. పుట్టని బిడ్డ పేరున ఒక మొక్క నాటినా, దొరకని మనిషి కోసం ఒక రోజు ఎంచుకుని దీపం పెట్టినా, ఆత్మహత్య చేసుకున్న కొడుకు ఇష్టంగా తినే కూర ఆ రోజు వండి పేరు పెట్టి తలచుకున్నా, దాచుకున్న బరువు కొంత కిందికి దిగుతుంది.

ఏమనాలి? ఏమనకూడదు?

- "ఊరుకో, ఏడవకు" అనొద్దు. పక్కన కూర్చుని నీళ్ళ గ్లాసు అందించండి.
- "పెద్ద వయసేగా", "ఇంకో బిడ్డను కనొచ్చు", "అంతా మన మంచికే" అనే మాటలు చెప్పేవాళ్ళకే ఓదార్పు.
- ఏమనాలో తోచకపోతే అదే అనండి: "ఏం మాట్లాడాలో తెలియట్లేదు, కాసేపు కూర్చుందామని వచ్చా."
- పోయినవాళ్ళ పేరు ఎత్తడానికి భయపడొద్దు. వాళ్ళ గురించి మీకు తెలిసిన ఒక చిన్న సంగతి చెప్పండి. ఇంటివాళ్ళకు తెలియనిదైతే అంతకన్నా కానుక లేదు.
- "ఏదైనా కావాలంటే అడుగు" అంటే ఎవరూ అడగరు. "రేపు పిల్లల్ని స్కూల్లో నేను దింపుతా", "మీసేవకు నేను తోడొస్తా" అనండి.
- ఫోన్లో తేదీ రాసి పెట్టుకోండి. మూడో నెలలో, మొదటి పండక్కి, పెళ్ళిరోజుకి ఫోన్ చేయండి. అప్పటికి ఎవరూ చేయరు.

పిల్లలకు ఎలా చెప్పాలి?

"తాతయ్య నిద్రపోయాడు" అంటే పిల్లలు పడుకోవడానికి భయపడతారు. "ఊరెళ్ళాడు" అంటే రోజూ గేటు దగ్గర కాపు కాస్తారు. "చనిపోయారు, ఇక ఒళ్ళు పనిచేయదు, నొప్పి ఉండదు, తిరిగి రారు" అని చిన్న మాటల్లో నిజమే చెప్పాలి. అయిదేళ్ళ లోపు పిల్లలకు చావు శాశ్వతమని వెంటనే తట్టదు, అందుకే అదే ప్రశ్న పదేపదే అడుగుతారు. విసుక్కోకుండా అదే జవాబు చెప్పాలి. "నేను అల్లరి చేసినందుకే పోయిందా?" అన్న అనుమానం లోపల ఉండొచ్చు. అడగకపోయినా కాదని చెప్పాలి. ఇప్పుడే ఏడ్చి ఇప్పుడే ఆడుకుంటే ప్రేమ లేదని కాదు, వాళ్ళ ఊయల వేగంగా ఊగుతుంది, అంతే.

వైద్యుల దగ్గరికి ఎప్పుడు?

దుఃఖం జబ్బు కాదు. కొందరిలో మాత్రం అది గడ్డకట్టి కదలకుండా నిలిచిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చింది. అందులో దీన్ని దీర్ఘకాల శోక రుగ్మతగా చేర్చారు. ఆరు నెలలు దాటినా, ఆ మనిషి పెరిగిన సమాజంలో మామూలనుకునేదానికన్నా మించి, తపన, వేదన రోజువారీ బతుకును పూర్తిగా ఆపేస్తే సాయం అవసరం. అమెరికా మానసిక వైద్యుల పట్టికలో పెద్దలకు ఈ గడువు ఏడాది. నిద్ర మాత్రలకో మందుకో అలవాటు పడినా, తిండి పూర్తిగా మానేసినా, "నేనూ వెళ్ళిపోతాను" అన్న మాట ఒక్కసారి వినబడినా గడువులు లెక్కపెట్టకూడదు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

మర్చిపోవడం కాదు, చోటు మార్చడం

"మర్చిపో" అనేది మనం ఇచ్చే అతి చౌక సలహా. మర్చిపోవడమే మందైతే ఇన్ని పండగలు ఎందుకు? సంక్రాంతినాడు పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, ఆ తర్వాతే మనం కట్టుకుంటాం. కరీంనగర్‌లో కొన్ని కుటుంబాలవాళ్ళు దీపావళినాడు శ్మశానానికెళ్ళి, సమాధులకు రంగులేసి పూలు పెట్టి, దీపాల మధ్య టపాసులు కాలుస్తారు. నవంబరు 2న సమాధుల పండుగకు చర్చి వెనక తోటంతా కొవ్వొత్తులే. తెలంగాణలో పెత్రమాసనాడు పొద్దున పెద్దల పేరున బియ్యం ఇస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పోయినవాళ్ళకు పెట్టిన చేతులే పూలు పేర్చి చప్పట్లు కొడతాయి.

విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయాక 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. పేరులోనే ఉంది, మూడొందల పద్యాలని. కవి చేతికి అదే కుంచం. ఒకరు పద్యం కొలుస్తారు, ఇంకొకరు నాన్న నాటిన మామిడిచెట్టుకు నీళ్ళు పోస్తారు, మరొకరు అమ్మ గొంతుతో పిల్లలకు కథ చెబుతారు. పోయినవాళ్ళు బయట ఉండేవారు, ఇప్పుడు మన చేతల్లోకి వచ్చి కూర్చుంటారు. చోటు మారింది, అంతే. మహాభారతంలో పదకొండోది స్త్రీపర్వం, పన్నెండోది శాంతిపర్వం. ఏడుపు ముగిశాకే శాంతి మొదలైంది, దాన్ని దాటవేసి కాదు. ఆ శాంతి కూడా ఒక్క మాటతో రాలేదు. అడవికి పోతానన్న ధర్మరాజుతో తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఎంతసేపో మాట్లాడాల్సి వచ్చింది, ఆపైన అంపశయ్య మీది తాత రోజుల తరబడి కథలు చెప్పాల్సి వచ్చింది. చక్రవర్తికే అంతమంది పట్టారు.

నాన్న పోయి మూడేళ్ళయింది. అమ్మ ఇప్పుడు గ్లాసున్నరే పోస్తుంది. కొలత మొదటిసారి సరిపోయిన రాత్రి ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది, "ఇవాళ ఏం మిగల్లేదే" అంటూ.

మొన్న కార్తీకంలో ఎదురింటి పిన్నిగారి భర్త పోయారు. నేను ఊళ్ళోనే ఉన్నాను. అమ్మ అటక మీది పెద్ద గిన్నె దింపించి, ఆరు గ్లాసులు కొలిచి, పైన ఒక పిడికెడు వేసింది. పన్నెండు రోజులూ క్యారేజీ మోసింది. అక్కడ ఏం మాట్లాడావంటే, "ఏముంది, తిన్నదాకా కూర్చుని గిన్నెలు తెచ్చుకున్నా" అంది.

పదమూడో రోజు పొద్దున షామియానా లేదు, కుర్చీలు లేవు, ఎదురింటి గేటు మూసి ఉంది. అమ్మ మళ్ళీ బియ్యం డబ్బా తీసింది.

"అంతా అయిపోయిందిగా, ఇంకా దేనికమ్మా?"

"చెయ్యి ఊరుకోనిది ఇవాళ్టి నుంచేనే ఆవిడకి."

పన్నెండింటికి రోడ్డు దాటి వెళ్ళింది. భర్త పోయిన మనిషి ఏడాది గడప దాటకూడదని వీధిలో ఎవరో అంటే విననట్టే, ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. నేను వంటింట్లో కంచాలు కడుగుతున్నాను. గేటు చప్పుడైంది. ఆ వెంటనే, అచ్చం నాన్న వరసలో, అమ్మ కేక వినబడింది.

"ఇంకో కంచం పెట్టు!"